నీళ్ళకు చెప్పిన కల

అది 2022. కరోనా సెలవులు ముగిసి బళ్ళు పూర్తిగా తెరుచుకున్న ఏడాది. అప్పటికి పదిహేనేళ్ళుగా నేను వేలూరు బాగాయంలో ఒక డాక్టరుగారి చిన్న క్లినిక్కులో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సైకాలజిస్టు అంటే మందులు రాసే డాక్టరు కాదు, కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. ఈ తేడాను వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి ఎవరు "డాక్టరమ్మా" అన్నా పలకడం అలవాటు చేసుకున్నాను. మాది నాట్రంపల్లి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చిత్తూరులో మా అత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. మా వైపు చాలామందికి మాట వస్తుంది కానీ అక్షరం రాదు.

కలలు గుర్తుండాలంటే ఏం చేయాలని నన్ను పెళ్ళిళ్ళలో, బస్సుల్లో కూడా అడుగుతుంటారు. ఎక్కువమందికి అదొక సరదా. నాకు తెలిసిన నాలుగు చిట్కాలు చెప్పి పంపేస్తాను. ఆ సరదా ఏమాత్రం లేకుండా, కల గుర్తుకు రాకపోతే బతుకుతెరువే పోయే స్థితిలో నా దగ్గరికి వచ్చినవాడు ఒక్కడే. ఆయన్ని ఇక్కడ మునిరత్నం అంటాను. అసలు పేరు అది కాదు. "రాసుకోమ్మా, పేరు మార్చు, చాలు" అని ఆయనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మునిరత్నానికి అప్పుడు యాభై రెండేళ్ళు. గుడియాత్తంలో ఒక బడి వ్యాను నడిపేవాడు. ఆ ఆగస్టులో ఆయన మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు వెనకాలే ఆయన భార్య సరోజమ్మ వచ్చింది. ఆమె ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. నేను దాన్ని చూస్తున్నానని గమనించి, అడగకముందే ఆయనే చెప్పాడు.

"నిద్రలో నేనే కొట్టినానమ్మా. కొట్టినట్టు గూడా నాకు తెలీదు."

సంగతి ఇది. నాలుగైదు నెలలుగా, వారంలో మూడు నాలుగు రోజులు, తెల్లవారే ముందు ఆయన కేకపెట్టి లేస్తున్నాడు. చేతులతో గుద్దుతున్నాడు. లేచాక గుండె దడ, ఒళ్ళంతా చెమట. ఏం కల వచ్చిందంటే తెలియదు. మా డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేయించారు. స్లీప్ స్టడీకి కూడా పంపారు. అంటే తలకూ ఒంటికీ వైర్లు అతికించి, నిద్రలో మెదడూ ఒళ్ళూ ఏం చేస్తున్నాయో రాత్రంతా నమోదు చేసే పరీక్ష. నరాల జబ్బేమీ లేదని తేలాక, ఇవి పీడకలలే అని నా దగ్గరికి పంపారు.

మొదటి రోజు అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. "ఈ మధ్య ఏమైనా జరిగిందా అన్నా? యాక్సిడెంటు లాంటిది, భయపెట్టేది?"

"ఏం జరగలేదుమా. ఇరవై ఏండ్లుగా వ్యాను తోలతా ఉండా, ఒక గీత పడలేదు."

వ్యాను తాళాలు అప్పటికే ఆయనంతట ఆయనే బడివాళ్ళకు ఇచ్చేశాడు. ఎందుకని అడిగితే తన కుడి చేతిని చూపించాడు. "తెల్లారితే ఈ చెయ్యి నా మాట ఇనడం లేదు. ఈ చేత్తో అంతమంది పిల్లోళ్ళని యాడికి తీసకపోయేదిమా?" అర్ధ సంవత్సరం పరీక్షలదాకా చూస్తామని, అప్పటికీ కుదరకపోతే వేరే డ్రైవరును పెట్టుకుంటామని బడివాళ్ళు చెప్పారు. ఆ మనిషికి ఇంకో పని రాదు, వద్దు కూడా. పొద్దున పిల్లలు వ్యాను ఎక్కే చప్పుడు లేకపోతే తనకు రోజు మొదలైనట్టే ఉండదన్నాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకునేలా చేయండి, ఇంకేమీ వద్దు అన్నాడు.

పీడకలలకు మా పనిలో ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి ఉంది. మాటకు భయపడనక్కర్లేదు. వచ్చే కలను పగటిపూట గుర్తుచేసుకుని, దాని ముగింపును మన ఇష్టం వచ్చినట్టు మార్చి, ఆ కొత్త కలను రోజూ కాసేపు మనసులో నడిపించుకోవడమే. చాలామందికి పనిచేస్తుంది. అయితే కల ఏమిటో తెలియాలి. చిరుగు ఎక్కడుందో తెలియకుండా ఎవరైనా ఏం కుడతారు? అందుకని ముందు ఆయనకు కలను గుర్తుపెట్టుకోవడం నేర్పించాలి.

మెలకువ రాగానే కదలకూడదని చెప్పాను. పక్కకు ఒత్తిగిలినా చాలు, కల జారిపోతుంది. కళ్ళు తెరవకూడదు. ఏం చూశానని కాకుండా, ఇప్పుడు నాకు ఎలా ఉందని తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆ దిగులునో భయాన్నో పట్టుకుంటే దాని వెంట ఒక ముక్క వస్తుంది. చివరి ముక్క నుంచి వెనక్కి వెళ్ళాలి. ఆ తర్వాతే లేచి, ఫోను ముట్టుకోకుండా, ఎవరితో మాట్లాడకుండా రాసుకోవాలి. ఒక్క మాట దొరికినా రాయాలి. దీన్ని డ్రీమ్ డైరీ అంటాం. నేనే ఒక నోటు పుస్తకం, పెన్సిలు కొనిచ్చి పంపాను.

ఆయన అంత బుద్ధిమంతుడు నాకు మళ్ళీ తగల్లేదు. ఆరు వారాలు, కల వచ్చిన ఒక్క రోజూ తప్పకుండా రాశాడు. ట్రిప్పు షీటులాగా తేదీ, లేచిన టైము, వాటి పక్కన గుండ్రటి అరవ అక్షరాల్లో ఒకే వాక్యం. కల వచ్చింది, గుర్తు లేదు. పేజీ తిప్పితే మళ్ళీ అదే. పడుకునే దిక్కు మార్పించాను. పడుకునే ముందు "ఈ రోజు కల గుర్తుంటుంది" అని మూడుసార్లు అనుకోమన్నాను. రాయడం కాదు, బొమ్మ గీయమన్నాను. ఒక వ్యాను బొమ్మ గీసుకొచ్చాడు. అది కలలోదా అంటే కాదన్నాడు, ఖాళీగా ఉంటే బాగుండదని గీశాడట.

నిజం చెప్పాలంటే లోలోపల నాకు ఆయన మీద కోపం వచ్చేది. మనసు పెట్టడం లేదనుకున్నాను. పని జరగనప్పుడు తప్పు ఎదుటివాడిదేనని అనుకోవడం మా వృత్తిలో కూడా మామూలే. కాకపోతే మేము దానికి ఇంగ్లీషులో ఒక మంచి పేరు పెట్టుకుంటాం.

ఆరో వారం విసుగుతోనే సరోజమ్మ వైపు తిరిగాను. అన్ని వారాలూ ఆమె నా గదిలో మూల కుర్చీలో కూర్చునేది. నేను ఒక్కసారీ ఆమెను పలకరించి ఒక ప్రశ్న వేయలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"సరోజమ్మా, పొద్దున ఈయన లేచినప్పటి నుంచి రాసేదాకా ఏమేం చేస్తాడు?"

"ఏం చేస్తాడుమా. కొళాయి కాడికి పోతాడు. నీళ్ళకు చెప్తాడు. చెయ్యి కడుక్కోని వచ్చి మీ నోటు ముందర పెట్టుకోని కూచుంటాడు."

"నీళ్ళకు ఏం చెప్తాడు?"

ఆమె నన్ను చూసిన చూపులో కొంచెం జాలి ఉంది. "కలనే గదమ్మా."

నేను పెన్ను కింద పెట్టేశాను. మునిరత్నం తల వంచుకుని వివరించాడు. చెడ్డ కల వస్తే మనుషులకు చెప్పకూడదని వాళ్ళమ్మ నేర్పింది. పారే నీళ్ళకు చెప్పాలి. అవి తీసుకుపోతాయి. చెప్పేశాక దాన్ని మళ్ళీ తలుచుకోకూడదు, తలుచుకుంటే వెనక్కి వస్తుంది. ఆరేడేళ్ళ వయసు నుంచి ఆయన చేస్తున్నది అదే.

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"మీరు అడగలేదు గదమ్మా. రాయమన్నారు. నీళ్ళకు చెప్పినాక నాకు నిజంగానే గుర్తుండదు. అబద్ధం రాయలేదుమా."

అబద్ధం కాదు. ఆయన కలను రోజూ పూర్తిగా గుర్తుపెట్టుకుంటున్నాడు, పొల్లుపోకుండా చెప్తున్నాడు. ఆ తర్వాత నలభై అయిదేళ్ళ సాధనతో దాన్ని మరిచిపోతున్నాడు. అంత బాగా మరిచిపోవడం వచ్చిన మనిషికి నేను పెన్సిలు ఇచ్చి గుర్తుపెట్టుకోమంటున్నాను.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మా అవ్వ కూడా ఇదే చేసేది. పొద్దున్నే బావి గట్టు మీద ఏదో గొణిగి చెంబెడు నీళ్ళు పారబోయడం నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. రెండు డిగ్రీలు చదివి, ఆ సంగతి పూర్తిగా మరిచిపోయి కూర్చున్నాను.

అవన్నీ మూఢనమ్మకాలు, మానేయండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అని ఉంటే ఆయన "సరిమా" అని దండం పెట్టి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు కాదు. ఆపుకున్నాను. "సరే, నీళ్ళకే చెప్పు. వచ్చే శనివారం కల వస్తే మాత్రం నేను వచ్చేదాకా చెప్పకుండా పెట్టుకో. నేను పక్కన ఉంటాను, నీ వైపు చూడను" అన్నాను. ఆయన సరోజమ్మ ముఖం వైపు చూశాడు. కలను అంతసేపు కడుపులో పెట్టుకుని ఉండడానికి భయపడ్డాడు. సరోజమ్మే "నేనుంటా గదా" అంది. ఆ వారమంతా ఆయన చేయాల్సిన పని ఒక్కటే. లేచిన వెంటనే కొళాయి దగ్గరికి పరుగెత్తకుండా, కదలకుండా పడుకుని, కలను చివరి నుంచి మొదటికి ఒకసారి నడిపించుకుని, అప్పుడు వెళ్ళి చెప్పాలి.

శనివారం మొదటి బస్సు పట్టుకుని గుడియాత్తం వెళ్ళాను. ఏడుకల్లా వాళ్ళింట్లో ఉన్నాను. కల వచ్చింది, చెప్పలేదు. మునిరత్నం ముఖం పీక్కుపోయి ఉంది. తీరా చూస్తే ఆ రోజు కొళాయిలో నీళ్ళు రాలేదు. ఎప్పుడూ రోజూ వచ్చేవే, ఆ పొద్దున మున్సిపాలిటీ పైపు ఎక్కడో పగిలిందట. పారే నీళ్ళు లేకపోతే చెప్పకూడదని ఆయన పట్టుబట్టాడు. సరోజమ్మ లోపలికి వెళ్ళి, నిండు బిందె నడుముకెత్తి తెచ్చింది. మణికట్టు అప్పటికి బాగుపడింది. పెరట్లో కాలువ పక్కన నిలబడి, బిందెను కొంచెం వంచి, దారం లాంటి సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టింది.

"ఊ, చెప్పు."

నేను గడప మీద వాళ్ళకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన నీళ్ళకు చెప్పాడు. అరవంలో కాదు, తెలుగులో.

"వ్యాను నిలిపి తాళం ఏసినా. పోతా ఉండా. వెనక నుంచి టక్ టక్ మని అద్దం కొడతా ఉండారు. లోపల బిడ్డ ఉండాది. కనపడలేదు, చెయ్యి మాత్రం కనపడతా ఉండాది. తాళం తీస్తామంటే జోబులో తాళం లేదు. జోబు నిండా చాక్‌పీసులు ఉండాయి. తీసి పారేస్తా ఉండా, మళ్ళీ వస్తా ఉండాయి. అద్దం గుద్దినా, పగల్లేదు. టక్ టక్ నిదానమైపోతా ఉండాది. ఇంగా నిదానం. నేను గుద్దతానే ఉండా."

అక్కడ ఆగాడు. నీళ్ళ చప్పుడు మాత్రం వినబడుతోంది. నేను కల అయిపోయిందనుకున్నాను.

"ఇది ఉత్త కల కాదు," అన్నాడు నీళ్ళతోనే. "మార్చిలో జరిగినాది."

ఆ రోజు వ్యానులో పిల్లల్ని చూసుకునే ఆయా రాలేదు. పొద్దున బడి దగ్గర పిల్లలందరినీ దించి, ఎండలో వ్యాను నిలిపి, తాళం వేసి టీకి వెళ్ళాడు. కళ్ళద్దాలు మరిచిపోయానని ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చాడు. వెనక సీటు కింద జారి నిద్రపోయిన ఎల్‌కేజీ పాప లేచి అద్దం కొడుతోంది. జుట్టంతా చెమటతో తడిసిపోయింది. ఎత్తుకుని, నీళ్ళు తాగించి, ముఖం కడిగి, ఏడుస్తుంటే బయట ఆడించానని టీచరుకు అబద్ధం చెప్పి క్లాసులో వదిలాడు. పాపకు ఏమీ కాలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. సరోజమ్మకు కూడా చెప్పలేదు.

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరగకూడదని మాట ఇచ్చాను కాబట్టి తిరగలేదు. ఇన్నాళ్ళు దాచినందుకు ఆమె ఏమంటుందో, బిందె దించి లోపలికి వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాను. తర్వాత ఆమె గొంతు వినిపించింది.

"పోస్తా ఉండా. చెప్పు."

మళ్ళీ ధార మొదలైంది. ఆయన ఏడుస్తూ చెప్పాడు. ఆ బిందె అయిపోతే ఆమె ఇంకో బిందె తెచ్చింది. నా కళ్ళు కూడా ఆరలేదు. పదిహేనేళ్ళు మనుషుల చేత మాట్లాడించి జీతం తీసుకున్నాను కానీ, ఆ పెరట్లో ఆమె చేసినంత బాగా ఎప్పుడూ చేయలేదు.

చేతికి కల దొరికాక మా పద్ధతి మామూలుగా నడిచింది. కొత్త ముగింపు రోగే తయారుచేసుకోవాలి, మేము అందించకూడదు. మొదట ఆయన అద్దం పగిలేలా మార్చుకున్నాడు. మరుసటి వారం వచ్చి అది బాగాలేదన్నాడు. "అద్దం పగిలితే బిడ్డకు గుచ్చుకుంటాది గదమ్మా." ఇంకో వారం ఆలోచించి అసలు ముగింపు తెచ్చాడు. తాళం వేయకముందే వ్యానులో చివరిదాకా నడుస్తాడు. ప్రతి సీటు మీదా చెయ్యి పెడతాడు, వంగి సీటు కింద చూస్తాడు, పాపను లేపి భుజాన వేసుకుంటాడు. ఇది రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు మనసులో నడిపించుకున్నాడు. దీపావళి నాటికి కేకలు తగ్గాయి. తర్వాత గుద్దడం ఆగింది.

ఇక తాళాలు అడిగి తీసుకో అన్నారు మా డాక్టరుగారు. మునిరత్నం ఒప్పుకోలేదు. "ఆ బిడ్డ ఇంట్లో చెప్పకుండా స్టీరింగు పట్టుకోలేనుమా." పిల్లల క్షేమం విషయంలో దాపరికం పనికిరాదని నేను కూడా ఆ శనివారమే గట్టిగా చెప్పి ఉన్నాను. ఆయనా సరోజమ్మా కలిసి వెళ్ళారు. పాప తల్లి అరిచింది, ఏడ్చింది, వాకిలి మూసింది. అరవదా మరి? మరునాడే బడికి వెళ్ళి ఫిర్యాదు చేసింది. యాజమాన్యంలో ఒకాయన ఈ డ్రైవరు వద్దే వద్దన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం, ఎవరికీ తెలియని తప్పును తానే వచ్చి చెప్పిన మనిషిని పంపేస్తే రేపు ఎవరూ ఏదీ చెప్పరని వాదించిందట. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక తాళాలు ఇచ్చారు. ఇప్పుడు ఆ బడిలో వ్యాను నిలిపిన ప్రతిసారీ డ్రైవరూ ఆయా ఇద్దరూ చివరి సీటుదాకా వెళ్ళి చూసి సంతకం పెడతారు. పాపను తల్లి స్కూటరు మీద దింపేది. జూన్‌లో బళ్ళు తెరిచాక మళ్ళీ మునిరత్నం వ్యానులోనే పంపింది. ఎందుకో ఆయన అడగలేదు, నాకూ తెలియదు.

ఆ తర్వాత నా పనిలో ఒక చిన్న మార్పు వచ్చింది. కలలు గుర్తుండడం లేదని ఎవరొచ్చినా నోటు పుస్తకం తర్వాత ఇస్తాను. పొద్దున లేవగానే మీరు ముందు ఎక్కడికి వెళ్తారు, ఎవరితో మాట్లాడతారు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు కల వస్తే ఏం చేయమనేవారు అని అడుగుతాను. మూల కుర్చీలో కూర్చున్నవాళ్ళను కూడా అడుగుతాను. జవాబులు విన్నాక, నేను చెప్పబోయే చిట్కాల్లో సగం వాళ్ళింట్లో అప్పటికే ఏదో రూపంలో ఉన్నాయని, మిగతా సగానికి అడ్డం పడేది కూడా అక్కడే ఉందని తెలుస్తుంది. ఇది నాకు నేర్పింది పుస్తకం కాదు. మునిరత్నానికీ సరోజమ్మకూ మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్కలేదు.

పోయిన ఏడాది ఒక పొద్దున, క్లినిక్కుకు బయలుదేరుతుంటే మునిరత్నం ఫోను చేశాడు. మళ్ళీ మొదలైందా అని అడిగాను.

"లేదుమా, బాగుండా. ఒక కల వచ్చినాది, మీకు చెప్దామని. మా అమ్మ నాకు తల దువ్వతా ఉండాది."

"ఇంకా?"

"అంతేమా. నాకు బట్టతల గదా, అయినా కూచోబెట్టి దువ్వతానే ఉండాది. ఆయమ్మ పోయి ఇరవై ఏండ్లు అయినాది. ఇన్నాళ్ళూ ఒక్కసారి గూడా కలలోకి రాలేదనుకుంటా ఉంటి. వచ్చే ఉంటాదిమా. నేనే లేచిన వెంటనే అన్నీ మర్చిపోతా ఉంటి, చెడ్డదీ మంచిదీ."

ఏదో ఒకటి అడగాలి కాబట్టి, దువ్వెన ఏ రంగుదన్నా అని అడిగాను. ఆయన ఆలోచించలేదు కూడా.

"పచ్చదిమా. రెండు పండ్లు ఇరిగిపోయి ఉండాది."

అంత స్పష్టంగా ఒక కొడుకు తన తల్లి దువ్వెనను చూసుకున్నాడంటే, అందులో నా వంతు కూడా కొంచెం ఉందంటే, ఈ వృత్తిలోకి వచ్చినందుకు నాకు ఇంకేమీ వద్దనిపించింది.